నేల తాగిన వెలుతురు

పాసయ్యాను. డిగ్రీ పాసయ్యాను, అదీ ఫిజిక్స్‌తో.

పొద్దున ఫోన్లో రిజల్టు తెరిచి నా నంబరు పక్కన ఏం రాసుందో ముందు నేను చదివాను. నమ్మకం కుదరక మా అమ్మాయి చేత చదివించాను. "పాసేనమ్మా, ఇంకెన్నిసార్లు చదవను," అని అది కాలేజీకి వెళ్లిపోయింది. నేను మళ్లీ చదువుకున్నాను. మా ఇంట్లో నాకు ముందు హైస్కూలు గడప దాటినవాళ్లు లేరు. మా నాయనమ్మది వేలిముద్ర. అమ్మది కూడా అంతే. నేను పెళ్లయి, పిల్లలు పుట్టాక, మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో పని చేసుకుంటూ ఆదివారాలు దూరవిద్య క్లాసులకు వెళ్లి చదివాను. ఆదివారం చర్చికి రాకుండా ఈ చదువేంటని మా అత్తగారు సణిగేది, సణుగుతూనే క్యారేజీ కట్టి ఇచ్చేది.

ఇంత సంతోషంతో కూర్చుని నాలుగు ముక్కలు రాద్దామనుకుంటే, చేతికి వస్తున్నది ఒక మిరప కల్లం, మసక పడుతున్న ఒక సాయంత్రం. దానికి కారణం మొన్నటి ప్రాక్టికల్ పరీక్ష.

ఆ పరీక్షలో నాకు వచ్చిన చీటీ అందరికన్నా తేలికది. బల్లమీద ఒక బల్బు, ఒక వోల్ట్‌మీటరు, ఒక అమ్మీటరు. వోల్టేజి ఎంతో చూడాలి, కరెంటు ఎంతో చూడాలి, బల్బు రెసిస్టెన్స్ ఎంతో అది తినే పవర్ ఎంతో లెక్కగట్టాలి. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్. రెండింటినీ గుణిస్తే పవర్. మీటర్లు చూశాను. రెండు వందల ముప్ఫై వోల్టులు, పాయింట్ రెండు ఆరు ఆంపియర్లు. భాగిస్తే దాదాపు ఎనిమిది వందల ఎనభై ఐదు ఓములు. గుణిస్తే అరవై వాట్లకి కాస్త తక్కువ. అరవై వాట్ల బల్బే. కాయితం మీద పెట్టేసి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

పరీక్ష పెట్టడానికి వచ్చిన మేడమ్ గారు ఊరుకోలేదు. బల్బుతో పాటు వరసలో ఇంకో రెసిస్టెన్స్ కలిపి, దాని మీద జారే పిడి చూపించి, "దీన్ని మెల్లగా జరుపమ్మా, ఏమవుతుందో చెప్పు," అన్నారు. జరిపాను. బల్బు తెల్లటి వెలుతురు పసుపైంది, పసుపు కాస్తా నారింజైంది, చివరికి లోపలి తీగ ఒక్కటే ఎర్రగా, చల్లారుతున్న నిప్పులా మిగిలింది.

ఆ ఎరుపు చూడగానే నాకు తుమ్ము వచ్చింది. ఒకటి కాదు, ఆగకుండా. కళ్లలోంచి నీళ్లు. ల్యాబులో మిరపకాయ అన్నది లేదు. మూసిన కిటికీలు, ఫినాయిలు వాసన, అంతే. నా ముక్కులో మాత్రం ఎండుమిరపకాయల ఘాటు, పచ్చిది, అప్పుడే తిరగేసినట్టు.

"జలుబా అమ్మా?" అన్నారు మేడమ్ గారు.

"కాదండి. చిన్నప్పటిది," అన్నాను. 

మాది కనిగిరి అవతల మెట్ట. వానలు లేని నేల, నోట్లో పోసుకుంటే పళ్లకి గార పట్టే నీళ్లు. మా ఊళ్లో పనులు అయిపోయాక మా పేటలో సగం మంది గుంటూరు వైపు మిరపకోతలకు వలస వెళ్లేవాళ్లు. ట్రాక్టరు ట్రక్కులో బియ్యం మూట, జొన్నపిండి, గిన్నెలు, కోళ్లు, పిల్లలు, అందరం ఒకటిగా. నల్లరేగడి మొదలైందని మాకు చెప్పనక్కర్లేదు, దుమ్ము వాసనే మారిపోయేది. కోత అయ్యేదాకా రైతు కల్లంలోనే మా కాపురం. పత్తికట్టెతో దడి కట్టి, మీద తాటాకు కప్పుకుంటే అదే ఇల్లు. గుడిసె ముందు కల్లం. కనుచూపు మేర నేలంతా ఎరుపు. పగలంతా అమ్మావాళ్లు చేలో కోసేవాళ్లు, మేం పిల్లలం, ముసలివాళ్లతో కలిసి కల్లంలో కాయలు తిరగేసేవాళ్లం. పొడవాటి వెదురుగడకి అడ్డంగా పలక కొట్టి ఉండేది, దాంతో కాయల్ని అటూ ఇటూ లాగాలి. ఆ గడ నాకంటే చాలా పొడుగు. తిరగేస్తుంటే చేతులు మండేవి, మర్చిపోయి కళ్లు నలుపుకుంటే ఇక ఆ పూట ఏడుపే.

సాయంత్రం పత్తికట్టె పొయ్యి మీద జొన్న సంకటి ఉడికేది. పండుమిరపకాయ పచ్చడి, ఎండుచేపల పులుసు. ఆ పులుసు వాసనకి పక్క కల్లాల కుక్కలన్నీ మా దగ్గరికి చేరేవి. మా బావ, అంటే మా మేనత్త కొడుకు, నాకన్నా కొంచెం పెద్దవాడు, వాటికి ముక్క ఆశచూపి చివరికి మిరపకాయ తినిపించేవాడు. అత్త చేతిలో దెబ్బలు తినేవాడు. మర్నాడు మళ్లీ అదే పని.

మా కల్లం వెనక ముళ్లకంప, కంపకి అవతల ఆ ఊరి క్రైస్తవుల సమాధులు. కోతలకి వచ్చినవాళ్లకి అలాంటి చోటే ఇస్తారు, ఇంకెవరూ అడగరు కాబట్టి. మా తాత అక్కడే ఉన్నాడు. నేను చెబుతున్న ఏడాదికి ముందటి ఏడాది, కోతల్లోనే ఎండదెబ్బ తగిలి పోయాడు. శవాన్ని మా ఊరు తీసుకెళ్లే వీల్లేక, ఆ ఊరి పాస్టరు గారిని బతిమాలుకుని అక్కడే పెట్టాం. ఎవరూ తెలియని ఊళ్లో, ఎవరూ తెలియని మనుషుల మధ్య. మా నాయనమ్మకి నిద్రపట్టనిది అదే. "మనం ఏడాదికొక్కసారి వస్తాం. మిగతా నెలలు ఆయన మొకం చూసేదెవరు?" అనేది. ఎండదెబ్బతో పోయిన మనిషి చివర్లో అడిగింది నీళ్లేనట. తెచ్చేలోపే పోయాడట.

ఇక దీపం సంగతి.

కల్లానికి కరెంటు లేదు. పక్కనుంచి బోర్లకి వెళ్లే లైను ఉంది. చీకటి పడే ముందు మా బాబాయి తీగ చివర కొక్కెం వంచి, వెదురుగడతో ఎత్తి ఒక లైనుకి తగిలించేవాడు. ఆ తీగ గుడిసె ముందున్న బల్బుకి వచ్చేది. బల్బు వెలగాలంటే రెండో తీగ ఉండాలి కదా. రెండో తీగ ఎవరూ లాగేవాళ్లు కాదు. గడ్డపలుగు ఒకటి నేలలోకి దిగగొట్టి, దాని చుట్టూ గుప్పెడు ఉప్పు, బొగ్గు వేసి, బల్బు రెండో కాలు ఆ పలుగుకి చుట్టేవాళ్లు. నేలే రెండో తీగ. ఆ చుట్టుపక్కల ఏ కల్లంలో చూసినా ఇదే పద్ధతి. నీళ్ల తొట్టి పక్కన నేల కాస్త మెత్తగా ఉంటుందని మా పలుగు అక్కడ దిగింది. తొట్టి కంప పక్కనే. కంపకి అవతల తాత.

మొదటి సాయంత్రం బల్బు సరిగా వెలగలేదు. పసుపుగా, నీరసంగా ఉంది. "పలుగు దగ్గర చెంబెడు నీళ్లు పొయ్యమ్మా," అన్నాడు బాబాయి. నాయనమ్మ చెంబుతో పోసింది. నీళ్లు నేలలోకి గుర్రుమని ఇంకాయి. ఆ ఇంకుతున్నంతసేపూ, మా అందరి కళ్లముందే, బల్బు మెల్లమెల్లగా తెల్లబడింది.

నాయనమ్మ చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కంప వైపు చూసింది. బల్బు వైపు చూసింది.

"తాగాడు," అంది.

ఎవరూ నవ్వలేదు.

ఆరోజు నుంచీ అది ఆమె పని. దీపం పెట్టగానే చెప్పులు అవతల విడిచి, తల మీద కొంగు కప్పుకుని, చెంబుతో నీళ్లు తీసుకెళ్లి పలుగు మొదట్లో పోసేది. పోస్తూ మాట్లాడేది. కోడళ్ల మీద చాడీలు, మా ఊరి సంగతులు, ఎవరి గేదె ఈనింది, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు. దీపం పెరిగితే తలూపేది. "విన్నాళ్లే," అనేది. అమ్మకి ఒళ్లు మండేది. తాగే నీళ్లు రైతు ట్యాంకరుతో పంపేవాడు, అవీ రోజు మార్చి రోజు.

"పిల్లలకి లేని నీళ్లు నేలకి పోస్తన్నావు అత్తా," అంది ఒకరోజు అమ్మ.

"నా వంతు నీళ్లు నేను పోసుకుంటన్నా. నీ వంతు ఏమన్నా ముట్టుకున్నానా?"

నిజమే. ఆమె పగలు తాగడం తగ్గించింది. పెదాలు పగిలి ఉండేవి.

ఆ ఊరి పాస్టరు గారు ప్రార్థనకి వచ్చినప్పుడు అమ్మ ఆయనతో చెప్పించింది. ఆయన మెత్తగా, "అమ్మా, చనిపోయినవాళ్లు ప్రభువునందు నిద్రపోతా ఉంటారు. వాళ్లకి ఆకలి దప్పులు ఉండవు," అన్నారు.

"నిద్రపోయేవాడికి దాహం వెయ్యదా అయ్యగారూ?" అంది నాయనమ్మ. "నాకు రోజూ నిద్రలోనే వేస్తది."

ఆయన నవ్వి, టీ తాగి వెళ్లిపోయారు.

పలుగు కరుస్తుందని ముందు కనిపెట్టింది మా బావ. నీళ్లు పోయక ముందు, దీపం నీరసంగా ఉన్నప్పుడు ముట్టుకుంటే వేళ్ల నుంచి మోచేతి దాకా చీమలు పాకినట్టు జివ్వుమనేది. నీళ్లు పోశాక ముట్టుకుంటే అంత ఉండేది కాదు. ఎండిన రోజు ఎక్కువ కరిచేది. తాగితే కరవదు, దప్పికైతే కరుస్తుంది. పిల్లలకి ఇంకేం రుజువు కావాలి? దానికి మేం 'తాతని పలకరించడం' అని పేరు పెట్టుకున్నాం. పెద్దవాళ్లు పొయ్యి దగ్గర ఉన్నప్పుడు ఒకళ్లనొకళ్లు రెచ్చగొట్టుకుని పోయి, చేతి వెనకవైపుతో అలా తాకి పరుగెత్తుకొచ్చేవాళ్లం.

ఒకరోజు మా బావ ధైర్యం ఎక్కువై, "నేను ఇంకో రకంగా పలకరిస్తా చూడండ్రా," అని నిక్కరు దించాడు.

"తాత మీదే పోస్తావా రా, కళ్లు పోతాయిరా," అంటూనే ఉన్నాను. మరుక్షణం వాడు గావుకేక పెట్టి, గాల్లోకి లేచి, మిరపకాయల రాశిలో వెల్లకిలా పడ్డాడు. నిక్కరు లేకుండా. కరెంటు కన్నా మిరపకాయలే ఎక్కువ బాధపెట్టాయి. రెండు రోజులు కూర్చోలేదు వాడు. నాయనమ్మ మజ్జిగ పూస్తూ, "మీ తాతకి కోపం ఎక్కువరా. బతికుండగా కూడా అంతే," అంది. ఆ మాటలో ఎంత సంతోషముందో ఇప్పటికీ నా చెవిలో ఉంది.

నవ్వులన్నీ పగటి పూటే. పొద్దుగూకేటప్పుడు మాత్రం నేను ఆ తొట్టి వైపు ఒంటరిగా వెళ్లేదాన్ని కాదు. నాకు ఒకటే అనుమానం. నీళ్లు అడిగేవాడు నీళ్లతో ఆగుతాడా అని. నాయనమ్మ రోజురోజుకీ ఎండిపోతోంది. చెంబు పట్టుకుని నిలబడే సేపు పెరుగుతోంది. మాటలు తగ్గి, వినడం ఎక్కువైంది. వంగి, చెవి పలుగు దగ్గరగా పెట్టేది. ఒకసారి నేను వెళ్లి కొంగు లాగితే, "ష్, ఉండవే," అంది. ఏం వింటోందో నాకు వినపడలేదు. వినపడలేదని నమ్మకంగా చెప్పలేను కూడా. ఆ బల్బు ఎప్పుడూ సన్నగా గుయ్యిమంటూ ఉండేది.

భయం వల్లే ఒక సంగతి కనిపెట్టాను. ఒక సాయంత్రం బల్బు మాడిపోయింది. బాబాయి కొత్తది తేవడానికి ఊళ్లోకి వెళ్లాడు. ఆ సందులో బావ, నేను వెళ్లి పలుగు ముట్టుకున్నాం. ఏమీ లేదు. ఉత్త ఇనుము, చల్లగా. బల్బు పెట్టాక మళ్లీ జివ్వుమంది. నేనో నియమం చేసుకున్నాను. దీపం వెలిగితేనే తాత లేస్తాడు, దీపం తీసేస్తే పడుకుంటాడు. ఎవరికీ చెప్పలేదు. పడుకునే ముందు దుప్పట్లో అదే తలచుకునేదాన్ని, బైబిలు వాక్యంలాగా.

కోత చివరికి వచ్చింది. మిరపకి ఆ ఏడు మంచి రేటు పలుకుతోంది. దొంగతనాలవుతున్నాయని రైతు పెద్ద ఫోకస్ లైటు ఒకటి తెచ్చి బాబాయికి ఇచ్చాడు. వెయ్యి వాట్లది. "ఇది పెట్టావంటే కల్లమంతా పట్టపగలేరా," అన్నాడు. అదే రోజు ఇంకో సంగతి తేలింది. ఆ రైతు వచ్చే ఏడు మిరప వెయ్యడట, పొలం కౌలుకి ఇచ్చేస్తాడట. మమ్మల్ని ఇక పిలవడు. అంటే మేం ఆ కల్లానికి రావడం అదే ఆఖరు. ఆ మాట విన్నాక నాయనమ్మ సంకటి ముద్ద ముట్టలేదు.

పొద్దు వాలింది. పడమట ఇంకా ఎరుపు ఉంది. బాబాయి ఫోకస్ లైటుని వాసానికి కట్టి, కొక్కెం తగిలించాడు. మేమంతా కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాం, అంత వెలుతురు తట్టుకోలేమని.

వెలగలేదు. అద్దం వెనక, లోపలెక్కడో, ఒక తీగ ఎర్రగా కాలింది. అంతే. కల్లం మీద ఆ ఎరుపు పడీ పడనట్టు పడింది. మనుషుల మొహాలు కూడా అదే రంగులో ఉన్నాయి. కుక్కలు ఒక్కటీ లేవు. ఎప్పుడు పోయాయో చూడలేదు.

"తడి చాల్లేదు. నీళ్లు పొయ్యమ్మా, ఎక్కువ పొయ్యి," అన్నాడు బాబాయి.

నాయనమ్మ ఈసారి చెంబు తీసుకోలేదు. స్టీలు బిందె నింపుకుని చంకనెత్తుకుంది. చెప్పులు విడిచింది. నేను వెనకాలే నడిచాను. తొట్టికి కాస్త దూరంలో ఆమె ఆగింది. నేనూ చూశాను.

నేల కదులుతోంది.

పలుగు చుట్టూ, రోజూ నీళ్లు పోసి పోసి మెత్తబడ్డ మట్టిలోంచి ఎర్రలు పైకి వస్తున్నాయి. వానపాములు. వేసవి ముంగిట, వాన చుక్క లేని రోజుల్లో. ఒకటీ రెండూ కాదు, మట్టిని తోసుకుంటూ, మెలికలు తిరుగుతూ, ఒకదాని మీద ఒకటి. వచ్చినవి వచ్చినట్టు కంప వైపు, సమాధుల వైపు పాకుతున్నాయి. ఆ ఎర్రటి వెలుతురులో తడిగా మెరుస్తున్నాయి.

"చూశావటే," అంది నాయనమ్మ. గొంతు చాలా మామూలుగా ఉంది. "వెళ్లిపోతన్నామని తెలిసింది. పిలుస్తన్నాడు."

"నాయనమ్మా, రా, పోదాం."

"ఒక్కడే ఎట్టా ఉంటాడే ఈ ఊళ్లో? నువ్వు పో. వస్తన్నానయ్యా, వస్తన్నా," అని బిందె సర్దుకుని అడుగు ముందుకేసింది.

నాకు నియమం ఒక్కటే గుర్తుంది. దీపం తీసేస్తే తాత పడుకుంటాడు. కల్లంలోకి పరుగెత్తాను. కాయలు తిరగేసే వెదురుగడ ఎత్తాను. అంత బరువు గడని ఎలా ఎత్తానో తెలీదు. లైనుకి వేలాడుతున్న తీగని కింద నుంచి ఒక్క పోటు పొడిచాను. నీలంగా మెరిసి, కొక్కెం ఊడి నేలమీద పడింది. ఆ ఎరుపు కాస్తా ఆరిపోయింది.

మసక వెలుతురులో నాయనమ్మ ఆ పురుగుల మధ్యకి నడిచి, బిందె వంచి నీళ్లన్నీ పోసింది. అక్కడే కూలబడి, రెండు చేతులతో పలుగు పట్టుకుని, నుదురు దానికి ఆనించింది.

"ఏందే నువ్వు చేసిన పని?" బాబాయి వచ్చి నా రెక్క పట్టుకున్నాడు. "ఇటు తే ఆ గడ. మళ్లీ తగిలిస్తా."

"ఇవ్వను."

"దెబ్బలు పడతాయి."

"నాయనమ్మ లేచిందాకా ఇవ్వను. కొట్టుకో."

కొట్టాడు. వెదురుగడని రెండు కాళ్ల మధ్య బిగించి, దాని మీద పడుకున్నాను. వాళ్లమ్మ అక్కడ పలుగు పట్టుకుని కూర్చుని ఉంది, బాబాయేమో తీగ తగిలిస్తానంటున్నాడు. ఎందుకు తగిలించకూడదో చెప్పడానికి నా దగ్గర మాట లేదు. అమ్మ వచ్చింది. అత్త వచ్చింది. పిల్లకి గాలి సోకిందన్నారు. నేను వదల్లేదు. చాలాసేపటికి నాయనమ్మ తనంతట తాను లేచి, తడి కోకతో నా దగ్గరికి వచ్చి, "శాంతించాడు. ఇంక లేమ్మా," అంది. అప్పుడు గడ వదిలాను.

బాబాయి కొక్కెం తగిలించాడు. లైటు మళ్లీ ఎరుపే, కాస్త పెరిగిందంతే. "ఏముందో చూస్తా ఆడ," అని విసురుగా తొట్టి వైపు నడిచాడు, ఉత్త కాళ్లతో. పలుగుని ముట్టుకోలేదు. ఇంకా రెండు బారల దూరం ఉండగానే తడిమట్టిలో కాలు పెట్టాడు. మోకాళ్లు రెండూ ఎవరో వెనక నుంచి కొట్టినట్టు మడతపడ్డాయి. ఆ పడటం వెనక్కి, పొడినేల మీదికి పడ్డాడు కాబట్టి బతికాడు. పాకుతూ వచ్చి, నా పక్కన పడున్న గడ అందుకుని, కొక్కెం తానే పొడిచి పడేశాడు. ఆ పూట కల్లంలో దీపం లేదు.

"మా నాయన నన్ను దగ్గరికి రానియ్యలేదు," అన్నాడు బాబాయి, పిక్కలు రుద్దుకుంటూ.

"రోజూ నీళ్లు పోసింది ఎవురు మరి? నువ్వా?" అంది నాయనమ్మ.

తర్వాత రెండు రోజులకి ట్రక్కెక్కాం. మళ్లీ ఆ కల్లానికి వెళ్లలేదు. నాయనమ్మ ఇంకా చాలా ఏళ్లు బతికింది. మా ఊళ్లోనే, మంచంలో, నిద్రలో పోయింది. ఆయనక్కడ, ఆమె ఇక్కడ. ఇప్పుడు ఆ వైపు కల్లాలు చాలావరకు లేవు. కాయ నేరుగా కోల్డ్ స్టోరేజీకి వస్తుంది. నేను పని చేసేదీ అలాంటి చోటే. చలిగదిలో మిరపకాయకి ఘాటు ఉండదు, పడుకుని ఉంటుంది.

పరీక్ష నుంచి ఇంటికొచ్చి కూర్చుని లెక్క వేశాను. పొడి నేల రెసిస్టెన్స్ మూడు వందల ఓములు అనుకున్నాను. నా ఊహే, ఆ నేలని కొలిచినవాళ్లు ఎవరూ లేరు. అరవై వాట్ల బల్బుతో అయితే వచ్చిన వోల్టేజిలో బల్బు నూట డెబ్భైకి పైగా తీసుకుంటుంది, నేల యాభై ఎనిమిది తీసుకుంటుంది. అదే పలుగు కరుపు. నీళ్లు పోస్తే నేల రెసిస్టెన్స్ పడిపోతుంది. వంద అనుకుంటే నేల వాటా ఇరవై మూడుకి దిగుతుంది, బల్బు పవర్ ముప్ఫై మూడు వాట్ల నుంచి నలభై ఎనిమిదికి పెరుగుతుంది. తాగితే దీపం పెరుగుతుంది, కరుపు తగ్గుతుంది. నాయనమ్మ చెప్పిందంతా లెక్కలో వచ్చింది.

తర్వాత ఆ వెయ్యి వాట్ల లైటు. దాని రెసిస్టెన్స్ యాభై మూడు ఓములే. అదే నేలతో కలిపితే లైటుకి మిగిలేది ముప్ఫై నాలుగు వోల్టులు. పవర్ ఇరవై రెండు వాట్లు. వెయ్యి వాట్ల లైటు, ఇరవై రెండు. అందుకే ఆ ఎరుపు. మిగతా నూట తొంభై ఆరు వోల్టులూ నేలలోనే ఉన్నాయి, తడిమట్టిలో, ఉత్త కాళ్లతో ఆమె నడిచి వెళ్తున్న చోట. ఆ అంకె చూసి పెన్ను కింద పెట్టేశాను. వంటింట్లోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను.

ఎర్రలు కూడా అంతే. నేలలో కరెంటు పారితే అవి తట్టుకోలేక పైకి వస్తాయి. నీళ్లు పోసిన చోటు కాబట్టి అక్కడే చేరాయి. అన్నీ సమాధుల వైపే ఎందుకు పాకాయన్నది మాత్రం లెక్కలో రాలేదు. కరెంటు పలుగు చుట్టూ అన్ని వైపులా పారుతుంది. ఆ వైపు కాస్త వాలు ఉండి ఉంటుంది, తడి అటు దిగి ఉంటుంది. అంతే అయి ఉండాలి.

సరే, పాసైన రోజు. ఇంకా ఫోన్లు చెయ్యాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు:

అమ్మ. ఫోన్లో ఎప్పుడూ ఛార్జింగు ఉండదు. పక్కింటివాళ్లకి చేసి పిలిపించాలి.

బాబాయి. డిగ్రీ అంటే ఉద్యోగం ఎప్పుడని అడుగుతాడు. దానికొక జవాబు అనుకోవాలి.

బావ. పొదిలిలో ఆటో నడుపుతున్నాడు. ముందు నవ్వుతాడు, తర్వాత ఏడుస్తాడు, వాడంతే.

పదో తరగతిలో సైన్సు చెప్పిన టీచరు గారు. నంబరు ఎవరి దగ్గరుందో కనుక్కోవాలి.

మా అత్తగారు. ఉపవాస ప్రార్థనకని చర్చికి వెళ్లింది, ఫోను ఇంట్లోనే వదిలేసింది. ఆమెకి ఎదురెళ్లి చెప్పాలి.

మా చెల్లెలి మరిది. వాళ్లు ఈ ఏడాది కోతలకి వెళ్లి ఉన్నారు, చంటిపిల్లతో. పోయినేడు నేను పలుగు పీకేసి రెండో తీగ లాగమంటే, "నువ్వేమన్నా కరెంటు చదివావా వదినా," అని నవ్వాడు. చదివాను. ముందు ఇతనికే చెయ్యాలి, సాయంత్రం దీపం తగిలించే లోపు.